అత్తయ్య డబ్బు, నలుగురు వాటాదారులు, ఫీజు తీసుకున్న సలహాదారు

విజయవాడలో బెంజి సర్కిల్‌కి దగ్గర్లో ఆఫీసున్న ఒక పెట్టుబడి సలహాదారు గురించి ఈ రివ్యూ. సెబీలో, అంటే స్టాక్ మార్కెట్‌నీ పెట్టుబడి సలహాదారుల్నీ నియంత్రించే ప్రభుత్వ సంస్థలో, రిజిస్టర్ అయిన మనిషి. పాలసీలు అమ్మరు, ఫండ్లు అమ్మరు, ఏ కంపెనీ నుంచీ కమీషన్ తీసుకోరు. మన దగ్గర ఫీజు తీసుకుని సలహా మాత్రమే చెబుతారు. మేం నలుగురు తోబుట్టువులం కలిసి వెళ్ళాం. తలా పన్నెండు వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే మనిషికి 14,160 రూపాయలు. నలుగురిదీ కలిపితే యాభై ఆరు వేల పైచిలుకు. అంత పెట్టినందుకు గిట్టుబాటయిందా అంటే, నాకయితే అయింది. మా తమ్ముణ్ణి అడిగితే ఇంకోలా చెబుతాడు.

పేరు ఎందుకు రాయడం లేదంటే, ఆవిడే వద్దన్నారు. క్లయింట్ల పొగడ్తలు సలహాదారులు ప్రచారానికి వాడుకోకూడదని సెబీ నియమం ఉందట. "నా పేరు రాయకండి మేడమ్, ఇలాంటి వాళ్ళని ఎలా వెతుక్కోవాలో రాయండి, అది పదిమందికి పనికొస్తుంది" అన్నారు. సరే, అది కూడా రాస్తాను.

ముందు డబ్బు సంగతి. మా నాన్నగారి అక్క రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. ట్రంక్ కాల్ బుక్ చేసుకుని గంటలకొద్దీ కూర్చునే రోజుల నుంచి వీధి చివర ఎస్టీడీ బూత్ వచ్చేదాకా అక్కడే పని. పెళ్ళయిన ఏడాదికే భర్త పోయాడు, పిల్లలు లేరు. ఫ్యాను రెండు మీద దాటి తిప్పనిచ్చేది కాదు. ఆఖరి మూడేళ్ళు రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో, మా అన్నయ్య వాళ్ళింట్లో ఉంది. ఆవిడ పోయాక బీరువా సర్దుతుంటే పాత దిండు గలీబులో చుట్టిపెట్టిన ఎఫ్‌డీ బాండ్లు, పోస్టాఫీసు పాసు పుస్తకాలు, రిజిస్టర్ చేయించిన వీలునామా దొరికాయి. అన్నీ కలిపితే 58 లక్షలు. ఆవిడ దగ్గర మహా అయితే కర్మల ఖర్చుకి సరిపడా ఉంటుందని అనుకున్నవాళ్ళం మేం.

ఆ వీలునామా గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే అది లేకపోతే ఈ గొడవా లేదు, ఈ రివ్యూ లేదు. హిందూ వారసత్వ చట్టం, 1956లో సెక్షన్ 15 ప్రకారం పిల్లలు, భర్త లేని ఆడమనిషి వీలునామా రాయకుండా పోతే, ఆవిడ సొంతంగా సంపాదించుకున్నది ముందు భర్త తరఫు వారసులకి వెళుతుంది, పుట్టింటికి కాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తయితేనే తండ్రి తరఫుకి తిరిగి వస్తుంది. మా లాయరుగారు ఓంప్రకాష్, రాధాచరణ్‌ల కేసు చెప్పారు. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోయి, అత్తింటి నుంచి గెంటేస్తే పుట్టింటివాళ్ళు చదివించి ఉద్యోగస్తురాలిని చేసిన ఒకావిడ ఆస్తి, 2009లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ భర్త అక్కచెల్లెళ్ళ కొడుకులకే వెళ్ళింది. మా అత్తయ్యకి ఈ సెక్షన్లన్నీ తెలుసో లేదో మాకు తెలియదు. కానీ "నా తమ్ముడి పిల్లలు నలుగురికీ సమానంగా" అని రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించింది. బంగారం ఎవరికో కూడా విడిగా రాసింది: నాలుగు గాజులూ మా వదినకి, గొలుసు అమ్మకి. అందుకే బంగారం దగ్గర ఒక్క మాట కూడా రాలేదు. వచ్చిన మాటలన్నీ నగదు దగ్గరే.

నలుగురికీ సమానం అని అంత స్పష్టంగా ఉన్నాక గొడవేముంది, తలా పద్నాలుగున్నర లక్షలు పంచుకుని ఎవరిదారిన వాళ్ళు పోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మాకు అనిపించలేదు. నెల తిరిగేసరికి ఆ 58 లక్షలు మొత్తంగా ఒక్కొక్కరి తలలో ఒక్కో రూపం ఎత్తింది. అన్నయ్యకి నాన్న కట్టిన పెంకుటిల్లు పడగొట్టి స్లాబు ఇల్లు లేపాలని. "అత్తయ్య కూడా ఆ ఇంటి ఆడపిల్లే, ఆవిడ డబ్బుతో ఇల్లు నిలబడితే అంతకంటే ఏం కావాలి" అంటాడు. డాలస్‌లో ఉండే తమ్ముడికి అంతా కలిపి కోకాపేట వైపు ఒక ఫ్లాటు బుక్ చేయాలని. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి మరీ చూపించాడు. హైదరాబాద్‌లో ఉండే చెల్లికి కూతురి ఎంఎస్. నాకు ఇంటి లోను, మా ఆయనకి కారు. అమ్మకి అసలు వీలునామాలో వాటా లేదు, కానీ అందరికంటే పెద్ద పద్దు ఆవిడదే. తిరుమలలో ఒకరోజు అన్నదానానికి 44 లక్షలని, టీవీలో ప్రముఖుల పుట్టినరోజులప్పుడు చూపిస్తారు కదా, అది చూసి "మా వదినగారి పేరు ఆ బోర్డు మీద పడాలి" అని పట్టు. 44 లక్షలంటే పొద్దున టిఫినుకి పది, మధ్యాహ్నం భోజనానికి పదిహేడు, రాత్రికి పదిహేడు అని తమ్ముడు విడదీసి చెబితే, "అయితే టిఫినయినా పెట్టించండి" అంది.

ఇల్లు దగ్గర మాత్రం నవ్వులాట కాలేదు. చెల్లి ఉన్నదున్నట్టు అడిగేసింది: "నువ్వూ వదినా ఉండే ఇంటికి మా డబ్బెందుకన్నయ్యా?" వదిన వంటింట్లోంచే సమాధానం చెప్పింది: "మూడేళ్ళు మంచం మీద ఉన్న మనిషికి అన్నీ నేనే చేశాను. ఆ లెక్క ఎవరైనా రాశారా?" ఆ తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పది రోజులు ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్ మెసేజీలు కూడా ఆగిపోయాయి. టెన్షన్‌తో నాకు బడిలో పాఠం కూడా సరిగ్గా సాగేది కాదు.

దీనికి తోడు నామినీ సంగతి. బ్యాంకు ఎఫ్‌డీలకి అత్తయ్య అన్నయ్యని నామినీగా పెట్టింది, దగ్గరుండే మనిషి కదా అని. దాంతో 41 లక్షలు నేరుగా అన్నయ్య ఖాతాలో పడ్డాయి. అన్నయ్య మోసం చేసే మనిషి కాదు. కానీ డబ్బు తన ఖాతాలో ఉన్నాక మాట తీరు మారింది. "ఇస్తాలే, ఎక్కడికి పోతుంది, ముందు ఇంటి సంగతి తేలనివ్వండి" అనడం మొదలుపెట్టాడు. అదే వారంలో ఆ బ్యాంకు నుంచి ఒక కుర్రాడు స్వీట్ ప్యాకెట్ పట్టుకుని మా ఊరే వచ్చేశాడు. ఏడాదికి ఐదు లక్షల చొప్పున ఏడేళ్ళు కడితే, ఆ తర్వాత జీవితాంతం గ్యారంటీ ఆదాయమట. అన్నయ్య దాదాపు సంతకం పెట్టేవాడే. పెన్ను కోసం వెతుకుతుంటే నేను ఫోన్ చేశాను. అది కూడా దైవికంగా.

ఇక మనకు మధ్యలో ఒక మూడో మనిషి కావాలని నాకు గట్టిగా అనిపించింది. బంధువుల్లో పెద్దమనుషులున్నారు గానీ, వాళ్ళందరికీ ఎవరో ఒకరి వైపు మొగ్గు ఉంటుంది. ఆడిటరుగారు పన్ను వరకే. అలా వెతుకుతుంటే ఈవిడ దొరికారు.

మొదటి ఫోన్‌లోనే నచ్చిన విషయం చెబుతాను. "మీ నలుగురినీ కలిపి ఒక క్లయింటుగా తీసుకోవడం కుదరదు" అన్నారు. సెబీ లెక్కలో కుటుంబం అంటే మన మీద ఆధారపడిన భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు. పెళ్ళిళ్ళయి వేరుపడిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు నాలుగు కుటుంబాలు. అందుకే నాలుగు ఒప్పందాలు, నాలుగు ఫీజులు, ఎవరి రిస్క్ ప్రశ్నావళి (నష్టం ఎంతవరకు తట్టుకోగలరో అడిగే కాగితం) వాళ్ళది. మేం ఒక్క ఫీజుతో గట్టెక్కుదామని వెళ్ళాం, కాబట్టి చిరాకేసింది. కానీ తర్వాత ఆలోచిస్తే మొత్తం వ్యవహారానికి మందు అక్కడే ఉంది.

ఆఫీసు చిన్నది. ఒక గది, గుండ్రటి బల్ల, గోడ మీద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. ఆవిడకి నలభై దాటి ఉంటాయి. కాఫీ ఇచ్చారు, బాగుంది. తమ్ముడు ల్యాప్‌టాప్‌లో. అమ్మని కూడా తీసుకెళ్ళాం, ఎందుకంటే అమ్మ లేకుండా ఏం తేల్చినా ఇంటికొచ్చాక మళ్ళీ మొదటికొస్తుంది.

అన్నయ్య ఇంటి ప్లాను తీసి బల్ల మీద పరిచేలోపే ఆవిడ తలా ఒక కాగితం ముక్క ఇచ్చారు. "ఈ డబ్బుతో ఏం చేయాలనుకుంటున్నారో, ఎంతవుతుందో రాయండి. పక్కవాళ్ళది చూడొద్దు." తమ్ముడు చాట్‌లో పంపాడు. అమ్మ చెబితే నేను రాశాను. ఆవిడ కాగితాలన్నీ తీసుకుని ఒకదాని కింద ఒకటి వేసి క్యాలిక్యులేటర్ లేకుండానే కూడారు. అన్నయ్యది 35, నాది 20, చెల్లిది 30, తమ్ముడిది 58, అమ్మది 44. మొత్తం కోటీ ఎనభై ఏడు లక్షలు. ఆ అంకె కింద గీత గీసి, పక్కన 58 రాసి, కాగితం మా వైపు తిప్పారు. ఏమీ అనలేదు. నేను లెక్కల టీచర్ని, కానీ ఆ కూడిక నాకెందుకు తట్టలేదో! ముందు నవ్వింది చెల్లి. అన్నయ్య మాత్రం ప్లాను మెల్లగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

తర్వాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఇప్పుడు ఈ డబ్బు ఎవరి ఖాతాలో ఉంది?" అన్నయ్య చెప్పాడు. నామినీ అంటే డబ్బు అందుకుని అసలు వారసులకి అప్పజెప్పాల్సిన మనిషే తప్ప సొంతదారు కాదని, బ్యాంకు డిపాజిట్ల మీద 2010లో సుప్రీంకోర్టు రామ్‌చందర్ తల్వార్ కేసులో ఇదే చెప్పిందని మెత్తగా వివరించారు. అన్నయ్య ముఖం మాడ్చుకుంటాడేమో అనుకున్నాను. "మీ మీద అనుమానంతో కాదు సార్. మీ ఖాతాలో ఉన్నన్నాళ్ళూ దాని వడ్డీ మీ ఆదాయంలో కలిసి పన్ను మీకే పడుతుంది" అనేసరికి ఆ సాయంత్రమే ఎవరి వాటా వాళ్ళకి బదిలీ చేసేశాడు. మేం నెల రోజులు గొంతు చించుకుని చెప్పిన మాటే ఇది. పన్ను పేరు మీద చెబితే వినబడింది!

నా దృష్టిలో 14,160 అక్కడికే కిట్టింది. డబ్బు ముందు నాలుగు ముక్కలయితే తప్ప దాని గురించి మాట్లాడనని ఆవిడ పట్టుబట్టారు. అందరిదీ ఒక కుప్పగా ఉన్నంతసేపు ప్రతివాడూ మొత్తం కుప్పనీ ఖర్చు పెడుతూనే ఉంటాడు. పద్నాలుగున్నర లక్షలు నా ఖాతాలో పడ్డ మర్నాటి నుంచి మా ఆయన కారు ఊసెత్తలేదు. ఎందుకంటే కారు కొంటే ఏం మిగులుతుందో కళ్ళకి కనబడుతోంది.

పన్నుల మీద మా భయాలు చాలామటుకు తీరాయి. మన దేశంలో వారసత్వపు పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీని 1985లోనే తీసేశారు; వీలునామాతో వచ్చిన సొమ్ము ఆదాయం కిందకి రాదు. అయితే అత్తయ్య పోయిన సంవత్సరానికి ఆవిడ తరఫున రిటర్ను దాఖలు చేయాలని, వారసుల్లో ఒకరు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ప్రతినిధిగా నమోదు చేసుకోవాలని చెప్పారు. ఈ సంగతి మా ఆడిటరుగారు కూడా చెప్పలేదు. ఎఫ్‌డీల మీద బ్యాంకు ముందే కోసుకున్న పన్ను, అంటే టీడీఎస్, కొంత వెనక్కి వచ్చేది ఉందని అలా తెలిసింది.

తమ్ముడి విషయంలో కూడా ఆవిడ తెలివిగానే చెప్పారు, వాడు ఒప్పుకోకపోయినా. ఫ్లాటు వద్దంటే, పోనీ ఇండియా మ్యూచువల్ ఫండ్లలో వేస్తానన్నాడు. అమెరికాలో పన్ను కట్టేవాళ్ళకి మన ఫండ్లు పీఎఫ్‌ఐసీ అనే, విదేశీ ఫండ్లకి వేసే పన్ను లెక్కలోకి వస్తాయని, ఏటా ఒక్కో ఫండుకి విడిగా ఫారం నింపాలని, పన్ను కూడా గట్టిగానే పడుతుందని చెప్పారు. అక్కడి పన్ను తన పరిధి కాదు కాబట్టి డాలస్‌లో సీపీఏని, అంటే అక్కడి ఆడిటర్ని, అడగమన్నారు. విదేశం నుంచి వచ్చిన వారసత్వం ఏడాదికి లక్ష డాలర్లు దాటితే అమెరికాలో ఫారం 3520 వేయాలని, వాడి వాటా దానికి ఆమడ దూరంలో ఉందని కూడా చెప్పారు. విదేశాల్లో ఉండేవాళ్ళు ఇక్కడి డబ్బు పెట్టుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో ఎఫ్‌డీ వేసుకుని, కావాలంటే అక్కడికి పంపుకోవచ్చన్నారు. "ఈ మాత్రం గూగుల్ చేస్తే తెలిసేది" అని తమ్ముడు. మరి నువ్వెందుకు చేయలేదురా అని నేను అడగలేదు, అప్పటికే ఇంట్లో కావలసినంత శాంతి భద్రతల సమస్య ఉంది.

బ్యాంకు కుర్రాడి పాలసీ కాగితం కూడా ఆవిడకి చూపించాం. పది నిమిషాల్లో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపించారు: ఆ గ్యారంటీ అంతా కలిపితే ఏడాదికి ఐదున్నర శాతం దాటడం లేదు. అంతకంటే ముఖ్యం, మనకి వచ్చింది ఒక్కసారి వచ్చిన డబ్బు, వాళ్ళు అడుగుతున్నది ఏడేళ్ళు కట్టే కమిట్‌మెంటు. మూడో ఏడు నుంచి ఎక్కణ్ణుంచి తెస్తారని అడిగితే అన్నయ్య దగ్గర సమాధానం లేదు. ఇప్పటికే ఇలాంటివి తీసుకున్నవాళ్ళకి పాలసీ కాగితం చేతికొచ్చిన 30 రోజుల్లో వద్దనుకుని వెనక్కి ఇచ్చే హక్కుంటుంది, అది మాత్రం గుర్తుంచుకోండి.

నాకు ఇచ్చిన సలహా చప్పగానే ఉంది, మంచి సలహాలు అలాగే ఉంటాయేమో. ఇంటి లోను పదకొండు లక్షలు మిగిలి ఉంది. నేను కొత్త పన్ను విధానంలో ఉన్నాను కాబట్టి సొంతానికి ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపేమీ రాదు. వడ్డీ మారుతుండే ఫ్లోటింగ్ రేటు కాబట్టి ముందుగా కట్టినా బ్యాంకు జరిమానా వేయకూడదు. మూడు లక్షలు చేతిలో ఉంచుకుని మిగతాది కట్టేయమన్నారు, కట్టేశాను. చెల్లికి మాత్రం మొత్తం ఎంఎస్‌కి పోయొద్దని, కొంత విద్యారుణం తీసుకోమన్నారు. అలా లోనుతో పంపే ఫీజు మీద టీసీఎస్ (విదేశాలకి పంపే డబ్బు మీద బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడదు, లోను వడ్డీ పిల్ల ఉద్యోగం వచ్చాక తనే కట్టుకుంటుంది. "పిల్ల నెత్తిన అప్పు పెడతామా" అని చెల్లి మొగుడు ఇంకా గింజుకుంటున్నాడు.

అమ్మ సంగతి అన్నిటికంటే బాగా తేలింది. ఆవిడ అమ్మని పెట్టుబడుల గురించి ఏమీ అడగలేదు. "మీకంటూ నెలకి ఎంత వస్తుందమ్మా?" అన్నారు. నాన్న ఫ్యామిలీ పెన్షను, అది కూడా అన్నయ్య ఏటీఎం కార్డుతో తీసుకొచ్చి ఇస్తాడు. అప్పుడు ఆవిడ చెప్పింది ఏమిటంటే, నలుగురూ తలా మూడు లక్షలు అమ్మకి ఇచ్చేయండి, పిల్లలు తల్లికి ఇచ్చే డబ్బు మీద ఆవిడకి పన్ను లేదు. ఆ పన్నెండు లక్షలూ పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేయండి. 8.2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 98,400, మూడు నెలలకోసారి 24,600. సీనియర్లకి వడ్డీ లక్ష దాటితేనే టీడీఎస్ కాబట్టి ఆ బాధా లేదు. ఆ వడ్డీతో అన్నదానం చేయించుకుంటారో, మనవలకి ఇచ్చుకుంటారో అమ్మగారి ఇష్టం.

అమ్మ కాసేపు ఆలోచించి, "అసలు నాదేనా, మళ్ళీ వీళ్ళదేనా?" అని అడిగింది. "పూర్తిగా మీదే. మీ తదనంతరానికి నలుగురినీ నామినీలుగా పెట్టుకోండి, దాంతోపాటు ఒక వీలునామా కూడా రాయండి" అన్నారు ఆవిడ. అమ్మ మా నలుగురి వంకా చూసిన చూపు ఎలాంటిదంటే, ఆవిడ చేతిలో ఇన్నేళ్ళకి ఒక ఓటు పడింది. పోయిన కార్తీకంలో ఊళ్ళో శివాలయంలో అత్తయ్య పేరు మీద భోజనాలు పెట్టించింది. బోర్డు మాత్రం పెద్దదే రాయించింది.

ఇప్పుడు లోపాలు. అయిదుకి నాలుగు ఇస్తున్నాను కాబట్టి ఆ ఒకటి ఎక్కడ పోయిందో చెప్పాలి.

ఆఫీసు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మని మెట్లెక్కించడానికి పావుగంట పట్టింది. వృద్ధులే ఎక్కువగా వచ్చే ఇలాంటి చోట ఇది క్షమించరాని విషయం. వీడియో కాల్‌లో మాట్లాడొచ్చని ముందే చెప్పి ఉంటే అమ్మని ఊళ్ళోనే కూర్చోబెట్టేవాళ్ళం.

రిపోర్టు మొత్తం ఇంగ్లీషు పీడీఎఫ్. ముప్పై పేజీలకి పైగా, సగం పేజీలు ఎవరికైనా సరిపోయే చార్టులు. అన్నయ్య రెండో పేజీ దగ్గర ఆపేశాడు. తెలుగులో కావాలని అడిగితే చేత్తో అరపేజీ రాసి వాట్సాప్‌లో పంపారు: ఏ తేదీలోపు ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఏ కాగితం కావాలి. ఆ అరపేజీయే మేం నలుగురం వాడింది. ముప్పై పేజీల బదులు అదే మొదట ఇస్తే పోయేది.

రిస్క్ ప్రశ్నావళి హాస్యాస్పదం. మార్కెట్ ఇరవై శాతం పడితే మీరేం చేస్తారని అన్నయ్యని అడిగితే, "వరి రేటు పడితే ఏం చేస్తాం, అదే చేస్తాం" అన్నాడు. దానికి ఏ టిక్కు పెట్టారో మరి.

అన్నిటికంటే నాకు అసంతృప్తిగా మిగిలింది వదిన సంగతి. మూడేళ్ళ సేవకి లెక్కేమిటన్నది ఆ గదిలో కూడా వచ్చింది. "అది నా పరిధి కాదండీ, మీలో మీరు తేల్చుకోవాలి" అని ఆవిడ తప్పుకున్నారు. ఆవిడ ఉద్యోగం దృష్ట్యా అది సరే కావచ్చు. కానీ మేం డబ్బు కట్టింది సగం ఆ ముడి విప్పడానికే. ఆ తర్వాత నేనూ చెల్లీ వదినకి ఏదైనా ఇద్దామని చూస్తే, "అత్తయ్యగారు గాజులిచ్చారు కదా, చాలు" అని తీసుకోలేదు. ఆవిడ అడిగింది డబ్బు కాదని అప్పటికి కొంచెం అర్థమైంది గానీ, ఏం అడిగిందో పూర్తిగా అర్థమైందని చెప్పను.

ఇంటి విషయంలో మాత్రం ఒక మంచి పని చేశారు. ఇల్లు నాన్న స్వార్జితం, నాన్న వీలునామా రాయలేదు, అంటే అమ్మకీ మా నలుగురికీ అయిదు సమాన వాటాలు. "ఎవరి వాటా ఎంతో కాగితం మీద లేని ఇంటికి ఎవరూ ఒక్క రూపాయి పెట్టొద్దు" అని తేల్చి చెప్పారు. ముందు పంపకం దస్తావేజు లేదా హక్కు విడుదల పత్రం, ఆ తర్వాతే మేస్త్రీ. అన్నయ్య ఈ లోపు అమ్మ గదికి కప్పు బాగు చేయించి, కమోడ్ పెట్టించాడు, తన వాటాలోంచి.

ఎవరు వెళ్ళాలి, ఎవరు అక్కర్లేదు అంటే: ఒక్కరే వారసులయి, డబ్బు ఎఫ్‌డీలో వేసుకుందామనుకునేవాళ్ళకి ఈ ఖర్చు దండగ. ఇద్దరు ముగ్గురు వాటాదారులుండి, విదేశాల్లో ఒకరుండి, పెద్దవాళ్ళకి ఏం చేయాలో తెలియకపోతే వెళ్ళండి. వెతుక్కునేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌ఏతో మొదలవుతుందో లేదో సెబీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఏఆర్‌ఎన్ అని ఉంటే వాళ్ళు ఫండ్ల పంపిణీదారులు, కమీషన్ మీద బతికేవాళ్ళు. తప్పేం కాదు, కానీ సంగతి వేరు. ఫీజు నగదుగా అడిగితే లేచి వచ్చేయండి, బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. ఏడాదికి స్థిర ఫీజుగా ఒక కుటుంబం నుంచి 1.51 లక్షలకి మించి తీసుకోకూడదని పరిమితి కూడా ఉంది. దేశం మొత్తం మీద ఇలాంటివాళ్ళు వెయ్యికి కాస్త అటూ ఇటూగానే ఉన్నారు, కాబట్టి మీ ఊళ్ళో దొరక్కపోవచ్చు. వీడియో కాల్‌లో చేసేవాళ్ళని చూసుకోండి. వెళ్ళేటప్పుడు మరణ ధ్రువీకరణ పత్రం, వీలునామా నకలు, ఎఫ్‌డీ కాగితాలు, అందరి పాన్ కార్డులు పట్టుకెళ్ళండి, లేకపోతే మొదటి గంట వాటి గురించే పోతుంది.

ఇంటి పంపకం దస్తావేజు ఇంకా రాయించలేదు. ఆ పని ఈవిడ చేయరు. రామచంద్రపురం, మండపేట వైపు నిదానంగా కూర్చోబెట్టి అయిదుగురికీ అర్థమయ్యేలా చదివి వినిపించి రాసే డాక్యుమెంట్ రైటర్ ఎవరైనా మీకు తెలిస్తే కింద చెప్పండి. అన్నయ్య సంక్రాంతి లోపు తేల్చాలంటున్నాడు.